నా తోడికోడలి కేక

పాతపట్నం వెళ్ళే బస్సులో దాని గొంతు వినబడింది. దాన్ని మట్టి చేసి అప్పటికి ఏడు నెలలైంది.

మా ఆడపడుచు మనవరాలు నీళ్ళాడితే, బాలింతనీ బిడ్డనీ చూసి రావడానికి బయల్దేరాను. టెక్కలిలో ఒకతను ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. చొక్కా లోపలికి దోపుకున్నాడు. ఫోను తీసి కాసేపు వేలితో పైకీ కిందకీ తోసి ఒక చోట ఆపాడు.

"ఈయేళ పప్పొండుకో బావు. సచ్చిపోవు," అంది ఫోను.

అతను నవ్వాడు. పక్కనున్నాయనకి చూపించాడు. ఆయనా నవ్వాడు. మళ్ళీ పెట్టారు. మూడోసారికి కండక్టరు కూడా వెనక్కి తిరిగి, "పప్పాంటీయేనా?" అన్నాడు.

నేను ముందు సీటు కమ్మీ పట్టుకుని వంగాను.

"బావూ, ఆ మాట్లాడతన్నాది ఎవలో నీకు తెల్సేటి?"

"కామెడీ మామ్మా. పప్పాంటీ అంతారు. పాతదే, ఇప్పటికీ తిరుగుతాది."

"అది సచ్చిపోనాది బావు."

"అయ్యో," అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏ సినిమాల్లో ఏసింది మామ్మా?"

నేను వెనక్కి వాలిపోయాను. చెప్పాలంటే పాతపట్నం దాకా చెప్పినా చాలదు. అందుకే రాస్తున్నాను. మూడో తరగతి మధ్యలో ఆపేసిన చదువు నాది, తప్పులుంటే దిద్దుకుని చదవండి. దాని పేరు మాత్రం రాయను. బతికుండగా ఆ నవ్విన వాళ్ళెవరికీ దాని పేరుతో పని పడలేదు. ఇప్పుడెందుకు?

అది నా తోడికోడలు, మా మరిది భార్య. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది. 'అది' అని రాస్తున్నానని ఎవరూ తప్పు పట్టొద్దు. ముప్ఫై ఏళ్ళు అలాగే పిలిచాను. పోయాక కొత్త మర్యాదలు తగిలిస్తే అదే లేచొచ్చి నవ్వుతుంది.

మాది సముద్రం ఒడ్డున పేట. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళం చేప అమ్ముతాం. పొద్దు పొడిచేసరికి ఒడ్డున చేప పట్టుకుని, ఆటో ఎక్కి కోటబొమ్మాళి వెళ్ళి, గంప నెత్తినెట్టుకుని వీధులు తిరగాలి. గంప మోసే ఆడవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వీధులు వాళ్ళవి, ఎవరి కేక వాళ్ళది. "సేపలమ్మో" అనే కదా అందరూ అరిచేది అనుకుంటారు బయటివాళ్ళు. ఎక్కడ సాగదియ్యాలో ఎక్కడ తుంచాలో మనిషికో తీరు. లోపల పొయ్యి దగ్గరున్న ఇల్లాలు తల తిప్పకుండానే వచ్చింది ఎవరో చెబుతుంది. ఒకరి కేక ఇంకొకరు వెయ్యకూడదు. వేస్తే జుట్లు పట్టుకునేవాళ్ళం. గంపలో చేప దొంగిలిస్తే పెద్దమనుషుల దగ్గర తీరిపోతుంది. కేక దొంగిలిస్తే తీరదు.

ఆ వీధులు ముందు నావి. స్టేషను వీధి, దాని వెనక రెండు వీధులు, సంతకి పోయే దారి. ఇరవై రెండేళ్ళు తిరిగాను. మోకాళ్ళు పోయాక దానికిచ్చాను. అప్పటికే మా మరిది వేటకెళ్ళి రాలేదు. తెప్ప వచ్చింది, మనిషి రాలేదు. దానికి చేతిలో ఒక కొడుకు, ఇంట్లో ఇంకేమీ లేదు. "నా ఇళ్ళోల్లు మంచోలు. బేరమాడతారు గానీ మోసం సెయ్యరు," అని చెప్పి మరీ అప్పగించాను. నేను సంతలో ఒక మూల గోనె పరిచి ఎండుచేప పెట్టాను. ఎండుచేపకి కేక అక్కర్లేదు. వాసనే పిలుస్తుంది.

దాని కేక నా కేకలాంటిది కాదు. నాది ఒక్క మాట, తలుపు మీద కొట్టినట్టుండేది. అది వీధి మొదట్లో ఎత్తుకుంటే చివరిదాకా కబుర్లే.

"ఒలమ్మా పచ్చగేటమ్మా! నిన్న సందువా ఒగ్గేసి ఎల్పోనావు కాదేటి, ఈయేళ దాని సెల్లెలొచ్చినాది, బేగొచ్చి సూడు. కళ్ళు సూడమ్మా దాని కళ్ళు! నీ కొత్త కోడలికి కూడా నేవు అలాటి కళ్ళు!"

లోపలున్న కొత్తకోడలు నవ్వాపుకోలేక గిన్నె పట్టుకుని వచ్చేసేది. అదే మాట నేనంటే గేటు మూసేసేవారు.

"అంత వాగుడెందుకే? సేపమ్ముకోక," అనేదాన్ని.

"సేప ఎవలైనా అమ్ముతారప్పా. మడిసిని సూసి కొంతారు," అనేది. అప్ప అంటే మా వైపు అక్క.

ఫోనుల్లో నెట్టు ఊరికే ఇస్తున్నారని జనం ఎగబడిన ఏడాది, అదీ ఒక టచ్ ఫోను తెచ్చుకుంది. ఎవరో వాడి వదిలేసింది, అద్దం ఒక మూల చిట్లిపోయింది. నేను తిట్టాను. నా దగ్గర ఇప్పటికీ బొత్తాల ఫోనే. దాంతో మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటాను. అవతలివాళ్ళకి పనుంటే వాళ్ళే చేస్తారు. దానికి ఒక్క అక్షరం ముక్క రాదు. వేలిముద్ర మనిషికి ఆ ఫోనెందుకని అడిగాను.

"నోరున్నాది కదప్పా," అంది.

స్టేషను వీధిలో ఒక టీచరమ్మ ఉండేది. ఆవిడే వాట్సాపులో గ్రూపు కట్టి, దాని వాడుక ఇళ్ళన్నీ అందులో చేర్చి ఇచ్చింది. తరవాత అదే పెంచుకుంది. గుమ్మంలో గంప దించి, "నీ నెంబరిందులో కొట్టమ్మా," అని తడి చేత్తో ఫోను అందించేది. బ్యాంకులో పనిచేసేవాళ్ళు, రైల్వే క్వార్టర్లు, బట్టల కొట్ల వాళ్ళు, పక్క ఊళ్ళ వాళ్ళు. ఒకరోజు టీచరమ్మ, "ఇంక పట్టరమ్మా, రెండు వందల యాభై ఆరుగురితో నిండిపోయింది," అంది.

"ఆటోకి ఐదుగురన్నారు, పద్నాలుగుమందిమి ఎల్తన్నాం కాదేటి? మిగిలినోల్లని టాపు మీద కూకోబెట్టమ్మా," అంది ఇది.

పొద్దున్నే ఒడ్డున చేప దిగగానే ఫోను తీసేది. ముందు చెప్పులు విప్పేది. తడి ఇసకలో చెప్పులు విప్పడమేమిటని మేమంతా నవ్వితే, "అన్ని గుమ్మాల్లోకి ఎల్తన్నాను. సెప్పుల్తో ఎల్తారేటి?" అనేది. ఫోనుని అరచేతిలో అద్దంలా నిలబెట్టుకుని, మైకు బొమ్మ నొక్కి పట్టి, సముద్రం అవతలికి వినపడేలా అరిచేది. మెల్లగా మాట్లాడినా వెళుతుందని టీచరమ్మ ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. వలలో ఏం పడిందో, ఏది ఎలా వండాలో, ఎవరికి ఏం దాచి ఉంచిందో అన్నీ అందులోనే.

చదవడం రాదు గనక ఎవరెవరో బొమ్మల్ని బట్టి గుర్తు పెట్టుకునేది. ఫోనులో మనిషి పేరు పక్కన చిన్న బొమ్మ ఉంటుంది కదా, అది. "గులాబీ పువ్వమ్మా, నీకు అరకేజీ రొయ్యలుంచినాను. ఎర్రకారు బావూ, నువ్వడిగిన వంజరం పడనేదు, సావిడాయి తెస్తన్నాను. వినాయకుడమ్మా, ఈయేళ శనివారం, నువ్వు తినవు, పడుకో." వాళ్ళు మాత్రం రాతలో జవాబిచ్చేవారు. ఆటోలో దాని పక్కన కూర్చుని అవి చదివి వినిపించడం నా పని.

"నోరు నేదేటి ఈలకి? రాస్తారేటి?" అని రోజూ విసుక్కునేది. రోజూ చదివించుకునేది.

ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు సర్కారు వేట ఆపిస్తుంది. ఆ రెండు నెలలూ మా పేటలో ఆడవాళ్ళు ఇల్లు కదలరు. ఇది మాత్రం రోజూ ఫోను పట్టుకుని ఒడ్డుకి పోయేది. కెరటం ఎలా ఉందో చెప్పేది. పడవలకి రంగులేస్తున్నారనేది. ఎవరింట్లో పిల్లడు పరీక్ష పాసయ్యాడో అడిగేది. సరుకు లేకుండా ఆ మాటలెందుకే అన్నాను.

"సరుకు నేని రోజే పలకరించాలప్పా. సరుకున్న రోజు పిల్లులు కూడా ఒస్తాయి."

ఒక ఏడాది ఆ గులాబీ పువ్వు బొమ్మావిడ భర్తకి శ్రీకాకుళంలో ఆపరేషను. రక్తం కావాలి. ఆవిడ గ్రూపులో రాసింది, నేను చదివాను. ఇది ఆటో ఆపించింది. రోడ్డు పక్కన చెప్పులు విప్పింది.

"ఒలమ్మా, బావూ, గులాబీ పువ్వమ్మ పెనిమిటికి రగతం కావాలంట. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. నాను పెట్టిన సేప తిన్న ఒళ్ళు మీవి, మీకేటి రగతానికి లోటు? బేగెల్లండి. ఎల్లినోల్లకి రేపు తలకాయ కూరకి నాది పూచీ."

ఆ పూట ఐదుగురు వెళ్ళారు. ఒకరి ముఖం ఒకరికి తెలీదు. ఆసుపత్రి వరండాలో కలుసుకుని, "మీరూ సేపలమ్మ గ్రూపేనా?" అని పలకరించుకున్నారట. అక్కణ్ణించి ఆ వీధుల్లో నడక మారింది. ఒక గేటువాళ్ళు ఇంకో గేటువాళ్ళ పిల్ల పెళ్ళికి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళు ఆ వీధుల్లో తిరిగి, అందరి వంటిళ్ళూ చూసి, నేను ఒక ఇంటిచేత ఇంకో ఇంటిని పలకరింపజెయ్యలేకపోయాను. చేప తూచి, డబ్బు తీసుకుని వచ్చేశాను. అది నాకు ఆ ఏడాదే తెలిసొచ్చింది. తెలిసొచ్చి బాగుపడలేదు, కడుపులో మండింది.

ఆ తరవాతి ఏడాది, వేట మళ్ళీ మొదలైన వారానికే గాలి పట్టింది. ఐదు రోజులు పడవలు నీళ్ళలోకి దిగలేదు. ఆరో రోజు పొద్దున్న ఎర్రకారు బొమ్మాయన గ్రూపులో రాశాడు: "వారం నుంచి చేప లేదు. ఇది చేపల గ్రూపా, భజన గ్రూపా?"

నేనే చదివి వినిపించాను. అది చెప్పులు విప్పింది.

"ఏటి బావూ, సముద్రం నా అత్తోరిల్లేటి, తలుపు కొట్టగానే తియ్యడానికి? గాలొచ్చినాది. మావోలు ఎల్నేదు. ఒడ్డునున్నారని మేము దణ్ణాలెట్టుకుంతంటే, కూర నేదని నువ్వేడుస్తన్నావు. ఈయేళ పప్పొండుకో బావు. సచ్చిపోవు. పప్పు తిని సచ్చిపోయినోడ్ని నాను సూణ్ణేదు. సేపకోసం ఎల్లి సచ్చిపోయినోడ్ని సూసినాను. ఆడి కంచం ఇప్పటికీ మాయింట్లో బోర్లించే ఉన్నాది."

ఆ మాట అని, ఫోను కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

ఎవరో ఆ మాటని కోశారు. మా మరిది కంచం దగ్గరి ముక్క కోసి పారేసి, 'సచ్చిపోవు' దాకా ఉంచి, ఫేస్‌బుక్‌లో వదిలారు. ఎవరన్నది ఇప్పటికీ తెలీదు. బయటివాళ్ళు మాత్రం కాదు. ఆ మాట వెళ్ళింది దాని ఇళ్ళకే. నేను మంచివాళ్ళని చెప్పి అప్పగించిన ఇళ్ళకే.

మా మాట విని నవ్వడం లోకానికి కొత్త కాదు. సినిమాల్లో పనిమనిషికి మా మాట పెడతారు, ఎర్రిబాగులోడికి మా మాట పెడతారు. కథానాయకుడికి పెట్టగా నేను చూడలేదు. కాబట్టి నవ్వేవాళ్ళకి సరుకు సిద్ధంగానే ఉంది.

మాకు పది రోజుల తరవాత తెలిసింది. సంతలో కూల్‌డ్రింకుల కొట్టాయన దాన్ని పిలిచి ఫోనులో చూపించాడు. ఎవరో అమ్మాయి, గోళ్ళకి రంగులు, వెనక మేడ. పెదాలు ఆ అమ్మాయివి కదులుతున్నాయి. గొంతు దీనిది. చెయ్యి తిప్పుతూ, కళ్ళు తిప్పుతూ, "పప్పొండుకో బావు" అంటోంది.

దీని ముఖం నల్లబడింది. కొంగు బిగించింది.

"నా కేక ఏస్తన్నాది! ఎవల్దిరా ఈ గుంట? ఏ ఈది దీనిది?"

"ఐద్రాబాదమ్మా," అన్నాడాయన.

"ఐద్రాబాదులో అమ్ముకుంటే అమ్ముకోనీ. అడగాలి కాదేటి? దీనమ్మకి కేక నేదేటి, నాది ఎత్తుకెల్పోనాది?"

కొట్టాయన కడుపు పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. అది అడిగినదాంట్లో నాకు తప్పు కనబడలేదు. ఇంకో పిల్లదీ, ఇంకో పిల్లాడిదీ చూపించాడు. అందరి నోట్లోనూ దీని గొంతే. ఇది అమ్మకం కాదనీ, ఊరికే సరదాకనీ, లక్షలమంది విన్నారనీ ఆయన చెప్పాడు.

"మిగతాదేది?" అంది ఇది.

"ఏం మిగతాది?"

"సివర్న ఇంకా మాటున్నాది. నా మాట. అదేది?"

"ఇంతే ఉందమ్మా," అన్నాడాయన.

రెండు రోజులు ముటముటలాడింది. మూడోనాటికి దాని బుద్ధి దాన్ని గెలిచింది. దానికి మనుషులంటే ఆశ. "లచ్చలమందంటప్పా. అన్ని గుమ్మాలు! అంతమందికి సేపలెక్కణ్ణించి తెస్తాను?" అని ఆటోలో అందరినీ నవ్వించింది. ఆ బొమ్మ కింద జనం రాసినవి వేలల్లో ఉన్నాయని ఎవరో చెప్పారు. సంత పలచబడ్డాక, మధ్యాహ్నం, ఖాళీ గంపతో నా గోనె దగ్గరికొచ్చి కూర్చుంది. కొట్టాయన చేత అవి తెరిపించిన ఫోను నా ఒళ్ళో పెట్టింది.

"సదువప్పా. ఒక్కటీ ఒగ్గకు."

కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయానని చెప్పొచ్చు. నాలుగు మంచి మాటలు కల్పించి చెప్పినా దానికి తెలీదు. కాని నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషినని పేటంతా అంటుంది. ఆ పేరు నాకు ఇష్టం. కళ్ళజోడు పెట్టుకున్నాను.

"ఈ భాష అర్థం కావాలంటే కింద తెలుగులో రాయాలి," అని చదివాను.

"నాను మాట్లాడింది తెలుగు కాదేటి?"

"రాసింది సదువుతన్నాను. ఇను. 'ఫోను లోంచి కంపు కొడుతోంది.'"

అది పక్కున నవ్వింది. "సేపలమ్మ దగ్గిర సెంటు వాసనొస్తాదేటి? ఇంకా సదువు."

"'మా పనిమనిషి కూడా అచ్చం ఇలాగే ఏడుస్తుంది. ఇలాంటి వాళ్ళకి ఫోను ఎవరిచ్చారు?'"

"ఊఁ."

"'శ్రీకాకుళం అడవిలోంచి తప్పించుకొచ్చింది, పట్టుకుని అప్పగించండి.'"

ఈసారి అది నవ్వలేదు. కళ్ళు నా నోటి మీదే పెట్టుకుంది. నేను వేలితో తోస్తూ చదివాను. కొన్ని నోటితో చదవలేని మాటలు. అవీ చదివాను. మధ్యలో వేరే రకంవి కూడా వచ్చాయి. ఒకతను ఇలా రాశాడు: "మా అమ్మ గొంతులా ఉంది. ఇలాగే గంప మోసి నన్ను చదివించింది. ఇప్పుడు లేదు. నవ్వేవాళ్ళు నవ్వండి, నేను పొద్దున్నించి నాలుగుసార్లు విన్నాను." దాని కింద ఇంకొకరెవరో, ఈ అమ్మ ఎక్కడుంటుంది, వెళ్ళి దణ్ణం పెట్టాలని రాశారు. అలాంటివి ఐదో ఆరో ఉన్నాయి.

అవి నేను చదవలేదు. వేలితో పైకి తోసేశాను. ఎందుకు తోశానో ఆ నిమిషంలోనే నాకు తెలుసు. అది కొంచెం దిగాలని. ఆ వీధులు నావి. నా కేకకి తెరవని గుమ్మాలు దాని కేకకి తెరుచుకున్నాయి. లోకం దాన్ని కొడుతుంటే అడ్డం వెళ్ళకపోవడం ఒకటైతే, వెనకనించి చెయ్యి పట్టుకున్నవాళ్ళని నేనే తోసెయ్యడం ఇంకొకటి. నేను రెండోది చేశాను.

అంతలో అది వేలు పెట్టి ఆపింది.

"ఆగు. ఇది మా గులాబీ పువ్వమ్మ కాదేటి?"

అదే బొమ్మ. అక్షరాలు రాకపోయినా ఆ పువ్వు దానికి తెలుసు.

"ఏటి రాసినాది?"

ఇక్కడైనా ఆగాల్సింది. నేను చదివాను. "'ఈమె రోజూ మా ఇంటికే వస్తుంది. మాకు ఈ కామెడీ రోజూ ఫ్రీ.' పక్కన నవ్వు బొమ్మలు. ఐదు."

అది ఫోను తీసుకుంది. కొంగుతో అద్దం తుడిచింది. చిట్లిన మూల జాగ్రత్తగా తుడిచింది, గాజు గుచ్చుకోకుండా. గంప ఎత్తుకుని ఆటో దగ్గరికి వెళ్ళిపోయింది. ఒక్క తిట్టు తిట్టలేదు. జుట్టు పట్టుకునే జాతి మాది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

మర్నాడు ఒడ్డున చేప దిగింది. అది చెప్పులు విప్పలేదు. ఫోను కొంగు ముడిలోనే ఉండిపోయింది.

గ్రూపులో మొదటిరోజు ముగ్గురు అడిగారు, ఏమైందని. రెండోరోజు ఒకరు. నేను చదివి వినిపిస్తే ఊఁ అంది. వాళ్ళెవరికీ ఏమీ జరగలేదు మరి. వాళ్ళు నవ్వుకున్నారు, అయిపోయింది. వారం తిరగలేదు, ఐసు పెట్టెల వ్యాను ఉన్న వ్యాపారి ఒకడు, ఎవరో తప్పుకుంటే ఆ చోట్లో చేరి, చేపల బొమ్మలూ ధరలూ పెట్టడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఫోనులో ఒక వాక్యం వచ్చింది. చూపించి అడిగింది.

"నిన్ను గ్రూపులోంచి తీసేసినారు," అన్నాను.

"ఈ నెల్లాళ్ళూ ఉండి మాత్రం మాటాడినానేటి?" అంది.

గంప మానలేదు, మానితే కడుపు ఊరుకోదు. కేక మాత్రం మానేసింది. గేటు ముందు గంపతో ఊరికే నిలబడేది. కేక లేకపోతే లోపలివాళ్ళకి ఎలా తెలుస్తుంది? చూసిన వాళ్ళు వచ్చేవారు, చూడనివాళ్ళకి ఆ పూట పప్పే. ఎండ ముదిరి, చేప మెత్తబడి, సగం గంప నా దగ్గరికొచ్చేది, ఉప్పులో వెయ్యమని.

ఒకసారి స్టేషను వీధిలో పనుండి దానివెంట వెళ్ళాను. గులాబీ పువ్వావిడ గేటు ముందు అలాగే నిలబడింది. చాలాసేపటికి ఆవిడ బట్టలారెయ్యడానికి బయటికొచ్చి ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చావే? అరవొచ్చు కదా! నీ కేక లేక నాకు పొద్దే గడవడం లేదు," అంది. అబద్ధం కాదు. మనస్ఫూర్తిగానే అంది. రాసింది ఆవిడకి గుర్తుందో లేదో కూడా నాకు నమ్మకం లేదు.

"గొంతు బాగోనేదమ్మా," అని ఇది కత్తిపీట వాల్చి చేప కోసింది.

దారిలో నా నోరు ఆగలేదు. "మొకమ్మీద అడిగెయ్యకపోనావా? ఆవిడ పెనిమిటికి రగతం ఇప్పించినావు!"

"ఏటని అడగను? నవ్వినందుకు కొడతారేటి? నాను నవ్వించడానికే కదా అన్నేళ్ళు అరిసినాను." కొంచెం దూరం నడిచాక అంది, "ఆల్లు నాతో నవ్వుతన్నారనుకున్నానప్పా. అదే."

మోకాళ్ళు నొప్పెట్టాయని చెప్పి నేను వెనకబడిపోయాను.

రెండేళ్ళు అలా తిరిగింది. తరవాత కాళ్ళు వాచాయి, మొహం ఉబ్బింది. మా వైపు కిడ్నీ జబ్బు కొత్త కాదు, వాపు చూసే పేరు చెప్పేస్తాం. శ్రీకాకుళం తిప్పారు, విశాఖపట్నం తిప్పారు, ఇంటికి తెచ్చారు. దాని వీధులు ఎవరూ అడగలేదు. దాని కోడలు రొయ్యల కంపెనీకి పోతోంది, ఆ పిల్లకి గంపతో పని లేదు. చివరి పది రోజులు దాని దగ్గర నేనే కూర్చున్నాను. గంజి కాచి చెంచాతో పోసేదాన్ని.

పోవడానికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం, కొంచెం తెలివిగా ఉంది. నాలుగు చెంచాలు తాగి, ఆగమని చెయ్యి ఎత్తింది.

"అప్పా. ఆయేళ సంతలో అన్నీ సదివినావు కదా."

"సదివినాను."

"అన్నేల మందిలో ఒక్కలైనా మంచిగా రాయనేదేటి?"

గొంతు తగ్గిపోయి, నోటి దగ్గర చెవి పెడితే గాని వినపడని మాట. రెండేళ్ళుగా అడగాలని దాచుకున్నట్టుంది.

నాకు అక్షరం అక్షరం గుర్తుంది. మూడో తరగతి చదువే కాని, చదివింది మర్చిపోను. 'మా అమ్మ గొంతులా ఉంది' దగ్గర్నించి 'నాలుగుసార్లు విన్నాను' దాకా అప్పుడే చెప్పేయొచ్చు. చెబితే దాని మొహం ఎలా అవుతుందో నాకు తెలుసు. ఆ వెంటనే అడిగేది కూడా తెలుసు: మరి ఆయేళ ఎందుకు సెప్పనేదప్పా?

"నేదు," అన్నాను.

అది ఆగమని ఎత్తిన చెయ్యి దించేసింది.

"పోన్లే. ఇంకోలైతే నన్ను మురిపించడానికి రెండు మంచిమాటలు కల్పించి సదివుందురు. నువ్వు కాబట్టి ఉన్నదే సదివినావు," అంది.

అని, గంజి కోసం నోరు తెరిచింది. నేను పోశాను.